చిక్కుడు గింజల కాపురం

చెల్లెలి ఇంట్లో అడుగు పెట్టగానే అక్కకి ముక్కుపుటాలు అదిరిపోయాయి.

వంటగది గట్టు మీద పెద్ద గిన్నె. అందులో నానిన చిక్కుడు గింజలు నురగలు కక్కుతున్నాయి. పులిసిన ఆ నీళ్ళ కంపు వీధి గుమ్మం దాకా కొట్టుకొస్తోంది. చెల్లెలు మాత్రం ఆ గిన్నె పక్కనే స్టూలు వేసుకుని తాపీగా టీ తాగుతోంది.

"ఈ కంపులో టీ ఎలా దిగుతోందే నీకు?" అంది అక్క, పైట ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"ఆయన వండుతారట. వండనీలే అక్కా."

అక్కకి బట్టలు కుట్టే దుకాణం ఉంది. టీ పొడి కంపెనీలో రుచులు చూసే చెల్లెలు నెలల తరబడి సెలవు పెట్టి ఇంట్లో కూర్చుందని తెలిసి, దుకాణం పనివాళ్ళకి అప్పగించి మరీ వచ్చింది. ఎందుకని అడిగితే "ఒంట్లో నలత" అంటుంది తప్ప చెల్లెలు పెదవి విప్పదు.

ఆ నలత ఏమిటో భోజనాల దగ్గర అక్కకి అర్థమైపోయింది.

కళ్ళజోళ్ళ షాపు నుంచి వచ్చిన మరిది గింజల్ని గుజ్జయ్యేలా ఉడికించాడు. కంచం నిండా పెట్టుకుని జుర్రుకున్నాడు. తర్వాత లేచి పెళ్ళాం కుర్చీ దగ్గరికి వచ్చి, ఒక కాలు కాస్త ఎత్తి, గజం గుడ్డ పర్రున చింపినట్టు గాలి వదిలాడు.

అక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

సిగ్గుపడకపోగా, ఘనకార్యం చేసినవాడిలా పెళ్ళాం మొహంలోకి వంగి చూశాడు మరిది. ఆమె తల అడ్డంగా ఊపి మంచినీళ్ళు తాగింది.

"మరిదిగారూ! ఇక్కడ మేం తింటున్నాం!"

"ఏమనుకోకండి వదినగారూ. అంతా గింజల మహిమ" అన్నాడు. అంటూనే రెండోది వదిలాడు.

మర్నాడూ అదే తంతు. ఆ మర్నాడూ అంతే. పక్కింటావిడ కిటికీలు బిగించుకుంది. అక్క కంచం పట్టుకుని డాబా ఎక్కింది. చెల్లెలు మాత్రం కుక్కిన పేనులా మొగుడి పక్కనే కూర్చుని తినేది. చిన్నప్పుడు పాలు కాస్త అడుగంటితే గ్లాసు తోసేసిన పిల్ల! మొగుడు ఎంత అణగదొక్కితే మనిషి ఇలా తయారవుతుంది?

"బట్టలు సర్దుకో. మా ఇంటికి పోదాం" అంది అక్క చివరికి.

చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆయన్నేమీ అనకక్కా. నా ఖర్మ ఇలా ఉంటే ఆయనేం చేస్తారు?"

"ఖర్మేమిటే! గింజలు!"

ఆ సాయంత్రం చెల్లెలి చెయ్యి పట్టుకుని బరబరా వంటింట్లోకి లాక్కెళ్ళింది అక్క. పొయ్యి దగ్గర మరిది గరిటె తిప్పుతున్నాడు. మూకుడులో గింజలు బురదలా తుకతుకమంటున్నాయి.

"దీన్ని నాతో తీసుకుపోతున్నా. ఇది మనుషులుండే కొంప కాదు."

మరిది మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయాడు. నోరు పెగల్లేదు, కంగారులో ఇంకోటి పెగిలింది. చప్పుడైనా లేదు. కానీ గోడ సందులో ఎలక చచ్చి కుళ్ళినట్టు గదంతా గుప్పుమంది. అక్క ఊపిరి బిగబట్టి గుమ్మం వైపు తిరిగింది.

"ఛీ! ఛీ! ఏమిటండీ ఈ కంపు!"

అరిచింది చెల్లెలు. పైట ముక్కుకి అదుముకుని, సింకు మీదకి వంగి భళ్ళున కక్కేసింది.

హమ్మయ్య, ఇన్నాళ్ళకి నోరు తెరిచింది అనుకుంది అక్క. ఇక మొగుడు చెయ్యెత్తుతాడేమోనని అడ్డంగా నిలబడింది.

మరిది గరిటె వదిలేసి బావురుమన్నాడు. చెల్లెలు కక్కుతూనే నవ్వుతోంది, మళ్ళీ మళ్ళీ గాలి పీలుస్తోంది. ఇద్దరికీ మతి పోయిందా అని అక్క బిత్తరపోయి చూస్తుంటే, మరిది ఫోను అందుకున్నాడు.

"డాక్టరుగారూ, లవంగాలకీ కర్పూరానికీ పలకని మా ఆవిడ ముక్కు, ఆ పాడు జ్వరం తర్వాత మొదటిసారి ఇవాళ వాసన పట్టిందండీ!"