తుంగమడుగుకు కావలి

తుంగమడుగులోకి నీళ్ళపాము రావడం మొదలైంది. ఒడ్డువారన తుంగ మొదళ్ళలో పిల్లల్ని దాచుకున్న పరకచేపకు కంటిమీద కునుకు లేదు. కావలికి ఎవరిని పెట్టాలో తేల్చుదామని కప్పపెద్ద అందరినీ పిలిచాడు.

"నేను మునిగానంటే నెలలైనా పైకి రానక్కర్లేదు. మడుగంతా చుట్టేస్తాను," అంది బారెడు పొడవున్న వాలుగచేప.

"నేను చప్పుడు చెయ్యను. కాకపోతే మధ్యమధ్య ముక్కు పైకెత్తి ఊపిరి పీల్చుకోవాలి," అంది తాబేలు.

కప్పలన్నీ విరగబడి నవ్వాయి.

"ఊపిరికోసం పైకి పరిగెత్తేవాడు కావలేంటయ్యా! పక్క మడుగువాళ్ళు వాలుగనే పెట్టుకున్నారు. మనకేం తక్కువ?" అన్నాడు కప్పపెద్ద.

"మా ఇంటి దగ్గర లోతుండదు మామా..." అని పరక గొణిగింది.

"నువ్వుండవమ్మా, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే!"

మర్నాడే పాము తుంగలో దూరింది. "వాలుగన్నా, నా పిల్లలు!" అని పరక కేకేసింది. వాలుగ నీళ్ళు అదిరిపోయేలా తోక కొట్టుకుంటూ వచ్చి, తుంగ ఇవతలే బురదలో పొట్ట కూరుకుపోయి ఆగిపోయింది. పాము దానికేసి ఓసారి చూసి, నింపాదిగా పిల్లలమీద నోరు తెరిచింది. అంతలో సడి లేకుండా వచ్చిన తాబేలు పాము తోక కసుక్కున కొరికింది. పాము విలవిల్లాడుతూ గట్టెక్కి పారిపోయింది.

పరక పిల్లల్ని ఒక్కచోటికి చేర్చుకుంది. తాబేలు రొప్పుతూ ముక్కు పైకెత్తింది. ఈసారి ఒక్క కప్ప కూడా నవ్వలేదు. వాలుగను బురదలోంచి తోసీ తోసీ వాటికే ఊపిరాడటం లేదు.