అమ్మ ఉన్న రీలు

"కండక్టర్ గారూ, గుడివాడలో వెండికొట్ల దగ్గర కాస్త ఆపుతారా?" అంది రేవతి.

"ముందు మావయ్య ఇల్లు. కొట్టు సంగతి వచ్చేటప్పుడు చూద్దాం," అంది పెద్దింట్లమ్మ, ఒళ్లో సంచిని దగ్గరకు లాక్కుని.

సంచిలో ఎండుచేపల పొట్లం, ఉసిరికాయంత వెండి కుంకం బరిణె ఉన్నాయి. పల్చటి రేకు, మూత సొట్ట. తన పెళ్లిలో మావయ్య మేనమామ వరసన పెట్టిన బరిణె అది. నలభై ఏడేళ్లుగా రోజూ తెల్లారే అందులోంచే బొట్టు పెట్టుకుని చేపల తట్ట ఎత్తుకుంటోంది. వచ్చే నెల మనవరాలు రేవతి పెళ్లి. పాతది కొట్లో వేసి కొత్త బరిణె తీసుకోవాలని అనుకున్నారు.

కానీ పెద్దింట్లమ్మ బస్సెక్కింది దానికోసం కాదు. రీలు కోసం.

ఆమెకు ఆరేళ్లప్పుడు తల్లి పోయింది. ఫోటో ఒక్కటీ లేదు. పోయే ముందు ఏడాది మంగినపూడి ఒడ్డున ఏదో సినిమా తీశారు. తట్టలు నెత్తిన పెట్టుకుని నడిచే ఆడవాళ్లలో తల్లీ ఉంది. నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి నవ్వింది. అంతే. ఆ సినిమా ఆడలేదు, ఇప్పుడు దాని పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. బందరు డేరా హాలు ఆపరేటర్ కొండలరావు మాత్రం ఆ ఒక్క రీలు దాచి, తల్లిలేని పిల్ల కోసం ఆదివారం పొద్దున్నే ఆడించేవాడు. చుట్టరికం ఏమీ లేదు. ఆ పిల్ల పెళ్లికి మేనమామగా పీట మీద కూర్చున్నదీ ఆయనే.

రేవతి బందరులో పాత క్యాసెట్లు, రీళ్లు ఫోన్లోకి ఎక్కించే స్టూడియోలో పనిచేస్తుంది.

"రీలు దొరక్కపోయినా బెంగపడకు అమ్మమ్మా. నీ ముఖం ఇస్తే కంప్యూటరే మీ అమ్మను తయారుచేసి నడిపిస్తుంది."

"నా ముఖం ఇస్తే నేనే వస్తానే పిచ్చిదానా. మా అమ్మెట్టా వస్తది?"

కొండలరావు ఇప్పుడు గుడివాడలో కూతురి దగ్గరుంటున్నాడు. వాళ్లు వెళ్లేసరికి వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. ఎనభై దాటాయి.

"చేపలు తెచ్చావా, సముద్రమే తెచ్చావా? వీధి మొదట్లోనే వాసనొచ్చింది."

"పట్నం గాలికి నీ ముక్కు నాజూకైపోయిందిలే మావయ్యా. ఆ రీలు పెట్టె తియ్యి. మా రేవతి ఫోన్లోకి ఎక్కిస్తది. ఇక రోజూ చూసుకుంటా."

ఆయన నవ్వు ఆగిపోయింది.

"లేదమ్మా."

"లేదంటే?"

"ఉప్పుగాలికి పాడైంది. నీ పెళ్లికి నెల ముందు డబ్బా తెరిస్తే పులిసిన వాసన. ఫిల్మంతా బెల్లం ముద్దలా అతుక్కుపోయింది. లాగితే మీ అమ్మ పొరలు పొరలుగా ఊడొస్తోంది. చూడలేకపోయాను."

"పారేశావా?"

"పాత రీళ్లు తీసుకెళ్లేవాడు ఒకడు బెజవాడ నుంచి వచ్చేవాడు. వాడికిచ్చాను."

"అమ్మేశారా తాతయ్యా?" రేవతి గొంతు మారింది.

"డబ్బు పుచ్చుకోలేదమ్మా."

"పాడైపోయిన రీలుతో వాడికేం పని?" అంది రేవతి.

"కాల్చి వెండి తీస్తారు. నలుపు తెలుపు సినిమాల్లో బొమ్మంటే వెండే. తెర మీద నల్లగా కనపడేదంతా సన్నటి వెండి పొడి. ఎన్ని సినిమాలు అట్టా కాలిపోయాయో ఎవరికీ తెలీదు. వీళ్లమ్మ కళ్లు, కొప్పు, ఇసక మీద పడ్డ నీడ... అంతా వెండే."

పెద్దింట్లమ్మ ఒళ్లో సంచి కింద పెట్టింది.

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు మావయ్యా?"

"వచ్చినప్పుడల్లా, 'రీలు జాగ్రత్త మావయ్యా' అని చెప్పి వెళ్లేదానివి. లేదని ఏ నోటితో చెప్పను?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆయన మీద కోపం రాలేదు. తల్లి నవ్వినప్పుడు ఏ పక్కకు తిరిగిందో గుర్తు తెచ్చుకోబోయింది. ఎడమపక్కకా, కుడిపక్కకా? గుర్తు రాలేదు.

"పద అమ్మమ్మా, కొట్టు మూసేస్తారు," అంది రేవతి.

"ఉండవే. బొట్టు చెరిగినట్టుంది," అంటూ సంచిలోంచి బరిణె తీసి మూత తిప్పింది.

కొండలరావు కుర్చీలో ముందుకు వంగాడు.

"అది ఇంకా వాడుతున్నావా?"

"ఇవాళ్టితో సరి తాతయ్యా," అంది రేవతి. "కొట్లో ఇచ్చేస్తే కరిగించుకుంటారు. కొత్తది తీసుకుంటున్నాం."

ముసలాయన చెయ్యి చాపి, బరిణెనూ పెద్దింట్లమ్మ వేళ్లనూ కలిపి పట్టుకుని రేవతి వైపు చూశాడు.

"వాళ్లమ్మను రెండోసారి కరిగించకు తల్లీ."