మెడను వదిలిన కాలరు

నలభై సైజు బ్లేజరు తొడుక్కుని ముసలాయన అద్దం ముందు రెండు చేతులూ చాచాడు.

దించాడు. మళ్లీ చాచాడు.

"ఏం తాతా, ఎగిరిపోతావా ఏంటి?" అన్నాడు సేల్స్‌మన్.

"చంక కింద పట్టేస్తోంది నాయనా. కాలరు చూడు, మెడను వదిలేసి ఎలా నిలబడిందో."

"నీ మెడే సన్నం. కాలరేం చేస్తుంది పాపం?"

ముసలాయన నవ్వలేదు. బ్లేజరు విప్పి, భుజాలు సరిగ్గా కుదిరేలా హేంగరుకు తగిలించి వెళ్లిపోయాడు.

ప్రతి మంగళవారం ఇదే వరస. మధ్యాహ్నం మూడింటికి, షాపులో ఈగలు తప్ప ఎవరూ లేని వేళ చూసి వస్తాడు. ఏదో ఒక బ్లేజరు తొడుక్కుంటాడు. చేతులు చాస్తాడు. స్టూలు మీద కూర్చుంటాడు, లేస్తాడు. వంక పెడతాడు. ఒక్కటీ కొనడు.

"టైలరువా?" అని అడిగాడు ఒకసారి సేల్స్‌మన్.

"సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు."

"మరి మా ప్రాణం ఎందుకు తీస్తావు?"

"ఇంట్లో చిన్న అద్దం. గడ్డం గీసుకోవడానికి పనికొస్తుంది, అంతే. వెనక ఎలా ఉందో మా ఆవిడ చెప్పేది. పోయి ఆరేళ్లయింది."

సేల్స్‌మన్ ఇంట్లోనూ వెనక చూసి చెప్పేవాళ్లు లేరు. ఆ సంగతి ముసలాయనకి చెప్పాలని అతనికి తోచలేదు.

"పైన కుట్టుగదిలో కటింగు మాస్టారితో ఒక్క మాట మాట్లాడనిస్తావా?" అన్నాడు ముసలాయన.

"పైకి కస్టమర్లు వెళ్లకూడదు. నువ్వు కస్టమరువి కూడా కాదు."

రెండేళ్ల కిందట షాపు చేతులు మారింది. పాత కటింగు మాస్టారు మానేశాడు. కొత్తాయన వచ్చాడు. సేల్స్‌మనూ అప్పుడే చేరాడు. అప్పటినుంచి పైన కుట్టిన బ్లేజర్లు కొన్నవాళ్లే వెనక్కి తెస్తున్నారు.

యజమాని తేల్చి చెప్పేశాడు.

"నెలాఖరుకి బ్లేజర్లు కదలకపోతే ఆ గోడంతా టీషర్టులు పెట్టేస్తా. టీషర్టులు అమ్మడానికి నువ్వక్కర్లేదు. ఎవరికి కావలసింది వాళ్లే తీసుకుంటారు."

సేల్స్‌మన్‌కి యాభై దాటింది. మనుషులకి కోట్లు తొడగడం తప్ప వేరే పని రాదు.

ఆ మంగళవారం ఒకావిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. తమ్ముడు సోమవారం కొత్త ఉద్యోగంలో చేరాలి.

సేల్స్‌మన్ మెరిసే నల్ల బ్లేజరు తొడిగి, రెండు గుండీలూ బిగించాడు.

"హీరోలా ఉన్నాడమ్మా."

"బ్యాండులో బాకా ఊదేవాడిలా ఉన్నాడు" అంది అక్క.

"అక్కా, ఊరుకో!"

అద్దం పక్కనున్న ముసలాయన కదిలాడు.

"రోజూ ఆఫీసుకైతే ఆ మెరుపొద్దు బాబూ. ముదురు నీలం తీసుకో. కిందకి బూడిదరంగు ప్యాంటు. కింది గుండీ ఎప్పుడూ పెట్టకు. కూర్చునేటప్పుడు పైదీ విప్పెయ్. చొక్కా చెయ్యి అరంగుళం బయటికి కనపడాలి."

తమ్ముడు ముదురు నీలం తొడుక్కున్నాడు. మనిషే మారిపోయాడు. అక్క తలూపింది. సేల్స్‌మన్ బిల్లు పుస్తకం తెరిచాడు.

ముసలాయన తమ్ముడి వెనక్కి వెళ్లి, మెడకీ కాలరుకీ మధ్య వేలు పెట్టాడు. వేలు పూర్తిగా దిగింది.

"రంగు కుదిరింది. కోత కుదర్లేదు. సరిచేయించాకే తీసుకో బాబూ."

"సరిచేయడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగింది అక్క.

సేల్స్‌మన్ బిల్లు పుస్తకంలోకి చూశాడు. పైనున్నవాళ్లెవరికీ సరిచేయడం రాదని అతనికి తెలుసు.

"సోమవారానికి కావాలండీ మాకు. పదరా."

వాళ్లు వెళ్లిపోయారు.

సేల్స్‌మన్ ముసలాయన రెక్క పట్టుకుని గుమ్మం దాటించాడు.

"నా పొట్ట కొట్టావు కదయ్యా! మళ్లీ ఈ గడప తొక్కావంటే మర్యాదగా ఉండదు."

"పైన మాస్టారితో ఒక్క మాట..."

"పో!"

ముసలాయన రోడ్డు మీద నిలబడి, నలిగిన చొక్కా చెయ్యి లాగి సరిచేసుకున్నాడు. సేల్స్‌మన్ తలుపు మూశాడు.

తర్వాత మూడు మంగళవారాలు మూడింటికి ఎవరూ రాలేదు. అద్దంలో సేల్స్‌మన్ ఒక్కడే కనపడ్డాడు. పీడ వదిలిందనుకున్నాడు.

నెలాఖరుకి యజమాని బతిమాలి పాత కటింగు మాస్టార్ని రప్పించాడు.

మాస్టారు ఆరు బ్లేజర్లు వరసగా సేల్స్‌మన్‌కే తొడిగి చూశాడు.

"చేతులు చాచు. చంక కింద పట్టేస్తోందా?"

"పట్టేస్తోంది."

"కాలరు మెడను వదిలేసింది."

సేల్స్‌మన్‌కి నవ్వొచ్చింది.

"అచ్చం ఆ పిచ్చి ముసలాడిలాగే మాట్లాడుతున్నారే! మంగళవారం మంగళవారం వచ్చి ఇదే పాట పాడేవాడు. మెడ పట్టి గెంటేశాను."

మాస్టారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"సన్నగా, పొడుగ్గా ఉంటాడా? పెళ్లాం పోయినవాడు?"

"ఆ, ఆయనే. మీకు తెలుసా?"

"పోయిన శుక్రవారం మట్టి చేసి వచ్చాను. నలుగురమే ఉన్నాం."

యజమానికి ఇదంతా వినే ఓపిక లేదు.

"సరే మాస్టారూ, జరిగిందేదో జరిగింది. ఇవి సరిచేసి పెట్టండి. ముప్పై ఏళ్లు ఈ షాపు పేరు నిలబెట్టింది మీ చెయ్యే అంటారు అందరూ."

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు.

"నా ఒక్కడి వల్ల కాదు. కత్తెర నాదే గాని, ఏ కొత్త కోతయినా ముందు వాడి ఒంటికే తొడిగేవాణ్ణి, వాడు గంటలకొద్దీ చేతులు చాచి నిలబడి ఎక్కడ పట్టిందో చెబితే అక్కడ గీత గీసేవాణ్ణి."