ఎనిమిది ఊచల కిటికీ

“ఈ కిటికీ వద్దమ్మా. నా మాట విను,” అన్నాడు మేస్త్రీ, పొద్దుటి నుంచి నాలుగోసారి.

నర్సమ్మకు ఒళ్లు మండింది. కడుతున్న ఇల్లు ఆమెది, కిటికీ ఆమె ఏరికోరి తెచ్చుకున్నది. సోమవారం నుంచి ఆస్పత్రిలో నైట్ డ్యూటీ. ఆలోగా అమ్మ గది పూర్తయి తీరాలి.

“ఎందుకు వద్దో చెప్పు.”

“పాతది కదమ్మా.”

గుమ్మంలో కూర్చున్న ఆమె తల్లి ఫక్కున నవ్వింది. నవ్వదా మరి! ఆ ఇంట్లో కొత్తదంటూ ఉంటే అది సిమెంటు ఒక్కటే. ఇటుకలు కూల్చేసిన బడివి, తలుపులు మూతపడ్డ లాడ్జివి, మెట్ల రాళ్లు ఏదో గోదామువి. పారబోయడానికి లారీకెత్తిన శిథిలాల్లోంచి పనికొచ్చేవి ఏరడం నర్సమ్మకు నేర్పిందే ఈ మేస్త్రీ. పాత ఇటుకను ఇంకో ఇటుకతో తట్టి, ఖంగుమంటే మురిసిపోయి, అంటుకున్న సున్నాన్ని ఓపిగ్గా గీకి పక్కన పెట్టేవాడు. “నిప్పుల్లో కాలి ఇటుకైన మట్టిని మళ్లీ మట్టిపాలు చేస్తామా?” అనేవాడు. పిడుగు పడ్డా నిమ్మకు నీరెత్తినట్టుండే మనిషి కనక అందరూ అతన్ని నిదానం మేస్త్రీ అంటారు.

అలాంటివాడు, నిన్న సాయంత్రం ఆటోలోంచి ఈ కిటికీ దిగినప్పటి నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తాపీ ఒకచోట పెట్టి ఇంకోచోట వెతుకుతున్నాడు. కలిపిన సిమెంటు కలిపినట్టే గట్టిపడిపోయింది.

కిటికీ చూస్తే లక్షణంగా ఉంది. టేకు చట్రం, బొటనవేలంత లావున ఎనిమిది ఊచలు, వాటి మీద పొరలు పొరలుగా ఆకుపచ్చ రంగు. ఏదో సర్కారు భవనం కూలగొడితే వచ్చిందని పాత సామాన్ల కొట్టువాడు చెప్పాడు. చట్రం మూల మేకుతో గీసిన పిచ్చుక బొమ్మ కూడా ఉంది.

“ఎవడో గుమాస్తా పనిలేక గీసుంటాడు. పిచ్చుక మాత్రం ముద్దొస్తోంది,” అంది తల్లి.

మేస్త్రీ ఆ బొమ్మ వైపు చూసి గబుక్కున తల తిప్పుకున్నాడు.

నర్సమ్మ అతని వాలకం కనిపెట్టి, అనుమానంతో టేపు తీసింది. గోడలో వదిలిన ఖాళీ కొలిచింది. నాలుగు వేళ్ల వెడల్పు తక్కువ! నూలుపోగంత తేడా రానివ్వని చేతి పని అది.

“నిన్న సాయంత్రం నేను కొలిస్తే సరిగ్గా ఉంది. పొద్దున్నే వచ్చి ఇంకో ఇటుక వరస పెట్టావు కదూ?”

మేస్త్రీ తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాడు.

“కొత్త కిటికీల షాపువాడు నీకేమన్నా ముట్టజెప్పాడా?”

“అంత మాట అనకమ్మా! కొత్తది నా కూలిలోంచే తెచ్చి పెడతా. ఇది మాత్రం వెనక్కిచ్చెయ్.”

“కారణం చెప్పకుండానా?”

అతను పచార్లు మొదలుపెట్టాడు. గది అంత పెద్దదైనా నాలుగడుగులు వేసి గిర్రున తిరగడం, మళ్లీ నాలుగడుగులు వేసి తిరగడం. గాలికి పక్క గది తలుపు ధడాలున మూసుకుంది. ఒక్క అంగలో వెళ్లి తలుపు తెరిచి, కదలకుండా ఇటుక అడ్డం పెట్టి వచ్చాడు.

“కాసేపు కూర్చో నాయనా, నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి,” అంది తల్లి.

నర్సమ్మ ఫోన్ తీసింది. “ఇంకో మేస్త్రీని పిలుస్తా. పిలిచే ముందు ఒక్క మాట విను. మేమున్న అద్దింట్లో దొంగలు కిటికీ ఊచలు వంచి లోపలికొచ్చారు. అమ్మ మెడ మీద కత్తి పెట్టారు. నేను డ్యూటీలో ఉన్నా. అప్పట్నుంచి ఆవిడకి కంటి మీద కునుకు లేదు. వారం రోజులు కొట్లన్నీ తిరిగి ఇంత లావు ఊచలు తెచ్చింది అందుకే. అమ్మ మంచం దీని పక్కనే వేస్తా. ఒక్కతే పడుకుంటుంది.”

మేస్త్రీ పచార్లు ఆగిపోయాయి. ముసలామె వైపు చూశాడు. ఆమె ఇప్పుడు నవ్వడం లేదు.

అతను తన సామాను సంచిలో సర్దుకున్నాడు. తాపీ, రసమట్టం, గుండు దారం. సుత్తి ఒక్కటే చేతిలో ఉంచుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్లి, చూపు ఎటో ఉండగానే, ఎడమ నుంచి మూడో ఊచ అడుగున వేలితో తడిమాడు. సుత్తి ఎత్తి సరిగ్గా అక్కడే ఒక్కటి వేశాడు.

ఊచ పుటుక్కున తెగింది.

నర్సమ్మ వంగి చూసింది. గోరంత మినహా ఊచ మొత్తం ఎప్పుడో కోసి ఉంది. ఆ సందులో సబ్బూ మసీ కలిపి కూరారు. పైన ఏళ్ల తరబడి వేసిన రంగు. నిన్న కొట్లో తను రెండు చేతులా పట్టుకుని ఊపితే ఇసుమంత కదల్లేదు. అమ్మను దీని పక్కన పడుకోబెట్టి ధీమాగా డ్యూటీకి వెళ్లిపోయేదాన్నే అనుకుంటూ ఆమె తల్లి వైపు చూసింది.

“నా ప్రాణం కాపాడావు నాయనా,” అంది తల్లి. “కానీ ఎనిమిదింట్లో ఇదేనని నీకెలా తెలిసింది?”

మేస్త్రీ సుత్తి కూడా సంచిలో వేసి, సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

“కోసింది నేనేనమ్మా. మూడేళ్లు పట్టింది. ఇంకో వారంలో తెగిపోయేదే, ఈలోగా నా సత్ప్రవర్తన మెచ్చుకుని జైలువాళ్లే గేటు తీసేశారు.”