అడగని ఏడో ప్రశ్న

ముసలాయన మళ్లీ దగ్గాడు.

దగ్గుతూ, చేతిలోని గొడుగును నేలకేసి టకటకా కొట్టాడు.

"గొడుగు," అంది పెద్దావిడ, ముఖం విప్పారిపోతూ.

సర్వే అమ్మాయి కలం ఆపింది.

వృద్ధుల ఆరోగ్యం, రోజువారీ జీవితం మీద పరిశోధన అది. ఇంటికి నలభై రెండు ప్రశ్నలు, చివర ముప్ఫై మార్కులకు జ్ఞాపకశక్తి పరీక్ష. అందులో ఓ భాగంగా మూడు మాటలు చెప్పి, అయిదు నిమిషాలయ్యాక మళ్లీ అడగాలి. ఈ ఇంటి వంతుకు వచ్చినవి గొడుగు, దువ్వెన, తాళం.

ముసలాయన ఇప్పుడు తీరిగ్గా తల దువ్వుకుంటున్నాడు. ఆ తల మీద పట్టుమని పది వెంట్రుకలు లేవు.

"దువ్వెన," అంది పెద్దావిడ.

"తాతగారూ, మీరు అందించకూడదు."

"నేనేం అందించానమ్మా? తల దువ్వుకోవడం కూడా తప్పేనా?"

ఆఫీసులో ఆ అమ్మాయికి రూళ్లకర్ర అని పేరు. అచ్చులో ఉన్న ప్రశ్నను పొల్లుపోకుండా అడుగుతుంది, ఒక్కటీ వదలదు. ఆ రోజు మాత్రం ఒకటి వదిలేసింది. ఏడోది. మిమ్మల్ని చూసుకునే మనిషి మీకు ఏమవుతారు? కళ్లెదుట కనిపిస్తూనే ఉంది కదా అనుకుని, గడిలో 'భర్త' అని తనే రాసేసింది.

ఎందుకు రాయదు? పెద్దావిడ నిమిషానికోసారి "ఏమండీ, ఎక్కడికెళ్లారు?" అంటోంది. "ఎక్కడికీ వెళ్లలేదు, ఇక్కడే ఉన్నాను," అని ఆయన విసుగు లేకుండా చెబుతున్నాడు. మాత్రను సగానికి విరిచి, నీళ్ల గ్లాసు చేతికందించి, మింగేదాకా పక్కనే నిలబడ్డాడు.

ఒక్కటే వింతగా తోచింది ఆ అమ్మాయికి.

"ఇన్నేళ్లొచ్చినా ఆవిడని 'మీరు' అని పిలుస్తారేంటి తాతగారూ?"

"అలా అలవాటైపోయిందమ్మా," అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

ఆయన్ని బయటకు పంపి పరీక్ష మళ్లీ మొదలుపెడదామని లేచింది. గుమ్మం దగ్గర ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"మార్కులు తక్కువొస్తే ఏం చేస్తారు?"

"ముప్ఫైకి పన్నెండు లోపు వస్తే దగ్గర బంధువుకి ఉత్తరం రాస్తాం. ఒంటరిగా వదలొద్దని."

"ఆవిడ చెల్లెలి కూతురు అందుకోసమే కాచుక్కూర్చుంది. ఉత్తరం అందిందా, తీసుకెళ్లి వృద్ధాశ్రమంలో చేర్చేస్తుంది. కొత్తచోట ఆవిడ బతకలేరమ్మా. ఓ మూడు మార్కులు నువ్వే వెయ్యి. నీకు పుణ్యముంటుంది."

"మీరుండగా ఎవరు తీసుకెళ్తారు తాతగారూ?"

ఆయన గొడుగు పిడి తిప్పుకుంటూ గుమ్మం అవతలికి అడుగేశాడు.

"మార్కులు నా ఇష్టమొచ్చినట్టు వేస్తే ఈ పరిశోధనకి అర్థమే ఉండదు," అని ఆ అమ్మాయి తలుపు మూసింది.

మూసిన తలుపు వైపే చూస్తూ కూర్చుంది పెద్దావిడ. ఒక్క మాటా గుర్తు రాలేదు.

మిగతా ప్రశ్నలతో కలిపి మొత్తం తొమ్మిది.

ఎనిమిది నెలలకు సర్వే రెండో విడత వచ్చింది. పెద్దావిడ పేరు పక్కన ఆశ్రమం చిరునామా ఉంది.

కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉంది ఆవిడ. చిక్కి సగమైంది. కంచంలో సగం భోజనం పక్కకు తీసి, మూత పెట్టింది.

"ఆయన ఇంకా తినలేదు," అంది సర్వే అమ్మాయితో. "వచ్చే వేళయింది."

"రోజూ ఇదే వరస," అంది ఆయా.

"తాతగారు రావట్లేదా?"

"ఎవరో ముసలాయన గొడుగు పట్టుకుని రోజూ గేటు దాకా వచ్చేవాడు. ఇక్కడ బంధువులకే ప్రవేశం. ఏమవుతారో పుస్తకంలో రాసి సంతకం పెట్టమంటే, కలం పట్టుకుని అలాగే నిలబడేవాడు. కాసేపటికి కలం తిరిగిచ్చేసి వెళ్లిపోయేవాడు. నెల నుంచి అదీ లేదు."

"కట్టుకున్నవాణ్ణి గేటు దగ్గర నిలబెట్టేశారా మీరు?" అంది సర్వే అమ్మాయి.

"ఆయన ఆ మాట రాయనేలేదు మరి."

ఏం మనిషి, ఒక్క మాట రాయడానికి అంత బింకమా అనుకుంది. చెయ్యి పట్టుకుని తనే తీసుకొచ్చి, ఆ పుస్తకంలో తన చేత్తోనే రాద్దామని అప్పటికప్పుడు పాత వీధికి బయలుదేరింది.

ఇంటికి తాళం వేసి ఉంది. మెట్ల కింద ఒకామె బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

"గొడుగు పట్టుకుని ఉండేవారే, ఈ ఇంటి తాతగారు, ఎక్కడున్నారు?"

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"పోయారమ్మా. నెలయింది. గేటు దాకా వెళ్లొచ్చి, ఈ మెట్టు మీదే కూర్చుని అలా ఒరిగిపోయారు."

సర్వే అమ్మాయి అదే మెట్టు మీద కూలబడింది. తొమ్మిది అని తను ఎర్ర సిరాతో రాసిన అంకె కళ్లముందు మెదిలింది. దుఃఖం ఆగలేదు.

"అక్కడ ఆవిడ ఇంకా కంచం పక్కన పెట్టుకుని ఎదురుచూస్తోంది," అంది ఎలాగో. "భర్త పోయిన సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదా?"

"ఆవిడ భర్త పోయి పంతొమ్మిదేళ్లయిందమ్మా."

"మరి ఈయన?"

"ఎదురు కొట్లో బట్టలు కుట్టుకునేవారు. ఆరేళ్ల కిందట ఓ సాయంత్రం కొట్టు కట్టేసి వెళ్తుంటే, ఆవిడ గుమ్మంలో నిలబడి, 'ఇంత ఆలస్యమైందేమండీ, ఎప్పట్నుంచీ చూస్తున్నాను' అన్నారట. కాదని చెప్పడానికి నోరు రాక, చెప్పులు విడిచి లోపలికి వచ్చారు."