రెండువందల పదమూడో పగులు

"సార్, గోపురంలో కొత్త పగులు!" ఫోన్లో అరిచింది అసిస్టెంటు.

"కొత్త పగలా? తెల్లారితే రోజూ కొత్త పగలేగా తల్లీ!"

"పగలు కాదు సార్, పగులు! గోడకి!"

తనిఖీ ఇంజనీరుకి పట్టపగలే చుక్కలు కనిపించాయి.

అణు రియాక్టరు చుట్టూ గోపురంలా రెండు కాంక్రీటు గోడలు. నలభై ఏళ్ళనాటి పటం ప్రకారం లోపలి గోడకి వెంట్రుకవాసి పగుళ్ళు రెండువందల పన్నెండు. అన్నీ అపాయం లేనివే. ఇప్పటి ఫొటోలు చూసి కంప్యూటరు రెండువందల పదమూడంటోంది. నిజమైతే గోడ బలం తగ్గుతున్నట్టే. రియాక్టరు ఆపాలి, నాలుగువందల మంది ఇంటిదారి పట్టాలి. కాదని సంతకం గీకి పొరబడితే ఊరంతటికీ ముప్పు. సాయంత్రానికల్లా తేల్చాలి.

ఆయన తెర మీద ఫొటో పెద్దది చేశాడు. పింఛను కాగితం మీద ముద్ర కోసం స్టూలు మీద కూర్చున్న ముసలావిడ కళ్ళజోడు సవరించుకుంది.

"అది పగులు కాదు బాబూ. గీత."

"గీతో, మా తలరాతో కంప్యూటరు చెబుతుంది మామ్మగారూ. ఇక్కడ పనిచేశారా?"

"ఆ గోడకి వేలాడినదాన్నే."

"సున్నం వేశారా?"

"వేశాను నాయనా. తెల్లటి గోడ మీదే కదా పగులు కనబడేది."

సంచిలోంచి రబ్బరు తీసి బల్ల మీద పెట్టింది. "రుద్ది చూడు."

"పగులుని రబ్బరుతో చెరిపేస్తే ఇక మేస్త్రీలెందుకు మామ్మగారూ!"

గదిలో అందరూ గొల్లుమన్నారు. ఆవిడా నవ్వింది. ముద్ర పడగానే బస్సుకి వేళైందంటూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఆయన తాళ్ళకి వేలాడే తొట్టిలో గోడ పైకెళ్ళాడు. భూతద్దం పెట్టాడు. లోతు లేదు. సూదిమొన దిగలేదు. ఎవరూ చూడటంలేదని రూఢి చేసుకుని, జేబులోంచి మామ్మగారి రబ్బరు తీశాడు.

పగులు చెరిగిపోయింది!

కిందికి దిగేసరికి రికార్డుల గుమాస్తా పాత తనిఖీ పుస్తకంతో నిలబడి ఉన్నాడు. అసిస్టెంటు అందరికీ వినిపించేలా చదివింది:

"రెండువందల పదమూడు. పరీక్షకి లోపల గాలి నింపితే తెరుచుకుంది. పెన్సిలుతో గీత గీశాను. గాలి తీశాక పూర్తిగా మూసుకుంది. గోడ భేషుగ్గా ఉంది. పటంలోంచి తీసేశాను. గీత చెరపాలి."

"అంటే మన కంప్యూటరు లెక్కపెట్టింది పెన్సిలు గీతనన్నమాట!" ఇంజనీరు ఊపిరి పీల్చుకున్నాడు. సంతకం పెట్టి, అప్పుడు గుమాస్తాని అడిగాడు.

"ఈ పుస్తకం నీకెలా దొరికిందయ్యా?"

"ఇందాకటి మామ్మగారు వెళ్తూ వెళ్తూ చెప్పారు సార్, ఏ బీరువాలో ఏ అరో కూడా."

"ఆవిడకెలా తెలుసు?"

"తెలియకేం సార్? మీ కుర్చీలో మొట్టమొదట కూర్చున్నది ఆవిడే."