అప్పాయమ్మ ఉసురు

"నేను రాలేను దేవుళ్లూ. నువ్వెళ్లి అడిగిరా," అన్నారు రమణమూర్తి మేస్టారు, ఆటో దిగకుండానే.

"బాగుందండి మేస్టారూ! ఇంత దూరం వొచ్చి ఇప్పుడా?" పార్కు వాచ్‌మన్ దేవుళ్లు ఆయన చెయ్యి పట్టుకుని దింపాడు. "మూడేళ్లు తప్పించుకు తిరిగినారు. ఇయాలతో తేలిపోవాల."

నాతవరం దాటి చాలా దూరం వచ్చాక, తారురోడ్డు అయిపోయిన చోట ఆగింది ఆటో. కొండ కింద పాతిక ఇళ్లు. దేవుళ్లు ముందు, మేస్టారు వెనక నడిచారు.

నర్సీపట్నంలో పిల్లల పార్కు కట్టించిన కమిటీకి ఆయనే కార్యదర్శి. తిరిగి తిరిగి ఉయ్యాలలు ఎంచి తెచ్చిందీ ఆయనే. పెద్ద ఉయ్యాల కొక్కెం అరిగిపోయిందని దేవుళ్లు చెబితే, "రేపు ఆదివారం జనం వస్తారు, సోమవారం చూద్దాంలే" అన్నదీ ఆయనే. ఆ ఆదివారమే కొక్కెం ఊడింది. తాపీపనికి కొండ నుంచి వచ్చిన కూలీల పిల్ల, ఆరేళ్లది, రాతిగట్టు మీద పడింది. తలంతా రక్తం. ఎవరో ఆటోలో వేసి ఆసుపత్రికి తీసుకెళ్లారు, అక్కడి నుంచి విశాఖ పంపారన్నారు. పిల్ల పోయిందని చీకటిపడేసరికి ఊరంతా గుప్పుమంది. మర్నాడు కొవ్వొత్తులతో ఊరేగింపు తీశారు. ఆ తల్లీతండ్రీ మళ్లీ ఊళ్లో కనిపించలేదు.

పార్కుకు తాళం పడింది. తరవాత రెండుసార్లు తెరిచారు. ఒకసారి హోమం చేయించారు, ఇంకోసారి పిల్లలకు ఐస్‌క్రీం ఉచితమని మైకులో చెప్పించారు. ఐస్‌క్రీం కరిగి నీళ్లయింది గాని ఒక్క పిల్లా గేటు దాటలేదు.

"తల్లి ఉసురు తగిలిన సోటికి మా పిల్లల్ని అంపం," అని వార్డులో నలుగురూ మాట వినే గంగాభవాని తెగేసి చెప్పింది. "ముందు ఆ తల్లొచ్చి అడుగెట్టాల. అప్పుడు సూద్దాం."

ఊరు ఆమె మాటే పట్టుకుంది. ఈ నెలాఖరుకి పార్కు నడవకపోతే దుకాణాలు కట్టుకుంటామని స్థలం ఇచ్చినవారి వారసులు కబురు పెట్టారు. మేస్టారికి ఆ బెంగ ఉంది. కానీ ఆ తల్లికి తన తప్పు చెప్పుకోకుండానే పోతానేమోనన్న భయం అంతకన్నా ఎక్కువ. చివరికి తాపీమేస్త్రిని పట్టుకుని వాళ్ల పేర్లూ ఊరూ సంపాదించారు.

అప్పాయమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. పక్కన తొమ్మిదేళ్ల పిల్ల రాయితో కాయలు కొడుతోంది. మేస్టారిని చూడగానే అప్పాయమ్మ చెయ్యి ఆగింది.

"పార్కు బాబు గదా?"

"అవునమ్మా."

"ఇప్పటికి తెలిసిందా దారి?"

ఆయన కూర్చోలేదు. ఇలాంటి ఇంటికి వెళ్లి ఆ పాడుమాట ఎవరు మాత్రం అనగలరు? "ఆరోజు జరిగినదానికి... తప్పు నాదే అమ్మా. కొక్కెం సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ ఆపలేదు."

దేవుళ్లు తల దించుకున్నాడు. ఈ మాట మేస్టారు కమిటీలో కూడా ఎన్నడూ ఒప్పుకోలేదు.

"తప్పు ఎవులిదైతే నాకేటి బాబూ?" అంది అప్పాయమ్మ. "ఆసుపత్రి వరండాలో నానూ నా పెనిమిటీ కూకుని ఏడిసినాం. ఇంత ఊరుంది. ఏటైందే అప్పాయమ్మా అని ఒక్కలైనా వొచ్చి అడిగినారా?"

"ముఖం చెల్లలేదమ్మా."

"మీకు ముకం సెల్లలేదు. నాకు కడుపు కాలిపోనాది."

మేస్టారు వంగి ఆమె కాళ్లు పట్టుకోబోయారు. అప్పాయమ్మ కంగారుగా వెనక్కి జరిగింది.

"అయ్యయ్యో, పెద్దోరు! నాకు పాపం సుట్టుకుంటాది, లెగండి." గొంతు మెత్తబడింది. "కోపం ఉన్నమాట నిజిం బాబూ. ఇయాల వొచ్చినారు. ఇంక లేదు."

పిల్ల లేచి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. అక్క కాబోలు, చెల్లెలి కోసం ఎంత బెంగపెట్టుకుందో అనుకుని మేస్టారు ఆ ముఖంలోకి చూడలేకపోయారు. చెంబుడు నీళ్లూ తాగేశారు.

"వచ్చే ఆదివారం పార్కు తెరుస్తామమ్మా. నువ్వొచ్చి ముందు అడుగు పెట్టాలి."

"నానొస్తే ఏటవుతాది?"

"పిల్లలొస్తారు."

"పిల్లలాడుకోడానికి నానెందుకు అడ్డం? వొస్తాను. కానీ ఆ కొక్కేలన్నీ నా సేత్తో లాగి సూసినాకే ఎవులైనా ఎక్కాల."

"అలాగే తల్లీ." మేస్టారికి కన్నీళ్లు ఆగలేదు. "ఇంకొకటి. పార్కుకు మీ పాప పేరే పెడుతున్నాం. చిట్టితల్లి పార్కు."

దేవుళ్లు సంచిలోంచి ఫ్లెక్సీ తీసి అరుగు మీద పరిచాడు. ఆరోజు పిల్ల ఉయ్యాల ఊగుతుంటే ఎవరో సెల్లో తీసిన ఫొటోని పెద్దది చేయించారు. అప్పాయమ్మ వంగి బొమ్మకేసి కళ్లు చికిలించి చూసింది. మేస్టారు ముఖం పక్కకు తిప్పుకున్నారు.

చింతపండు చేతులు పావడాకు తుడుచుకుంటూ పిల్ల కూడా వచ్చి తొంగి చూసింది.

"అమ్మా, నా పొటోకి దండేసినారేటి?"